బీజం దొరికింది, బిందువేదీ?

మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు. ఏడాదికి సగటున 344. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది. రెండేళ్ల పసివాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు.

విశాఖపట్నం జిల్లాలో, ఏజెన్సీ కాని ప్రాంతంలో, బ్రాహ్మణ కుటుంబాలు డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క ఇది. విజయనగరం మహారాజు ఆనందగజపతి ఈ జాబితాను తయారు చేయించారు. 1897లో ‘కన్యాశుల్కం’ నాటకం మొదటి కూర్పు అచ్చయినప్పుడు గురజాడ అప్పారావు ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఈ అంకెలన్నీ పొందుపరిచారు. తెలుగులో ఒక గొప్ప రచన ఎక్కణ్ణుంచి మొదలైందో ఇంత స్పష్టంగా కాగితం మీద దొరకడం అరుదు.

అయితే ఆ జాబితాలో గిరీశం లేడు. మధురవాణి లేదు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లకు కట్టబెట్టే ఎత్తు లేదు. అదే జాబితా చేతికిస్తే ఒకరు ప్రభుత్వానికి అర్జీ రాస్తారు, ఇంకొకరు పత్రికకు వ్యాసం రాస్తారు. అందులోంచి నాటకం రావాలంటే జాబితాకు బయట ఉన్నదేదో వచ్చి దానికి తగలాలి. గురజాడ విషయంలో అది విజయనగరం వీధుల్లో ఆయన విన్న మాట. బండివాడు, పూటకూళ్లమ్మ, హెడ్డు కనిస్టీబు, అగ్నిహోత్రావధాన్లు ఎవరి నోట ఎలా పలుకుతుందో అలాగే పట్టుకున్న తెలుగు. అంకెలకు ఆ గొంతులు తోడయ్యాకే నాటకం కదిలింది.

‘ఈ కథ మీకు ఎలా తట్టింది?’ అని రచయితల్ని అడగని సాహిత్య సభ ఉండదు. జవాబులు కూడా అందరికీ తెలిసినవే. ఏదో చూశాను, ఎవరో చెప్పారు, పేపర్లో చదివాను. ఈ జవాబులు అబద్ధాలు కావు, సగం నిజాలు. చూసినవాళ్లూ విన్నవాళ్లూ చదివినవాళ్లూ వేలమంది ఉంటే, వాళ్లలో ఒక్కరి దగ్గరే అది కథ ఎందుకైందన్నది మిగతా సగం. ఆ సగం గురించి కాస్త వివరంగా రాసిపెట్టిన రచయితల మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒక్క ముక్కతో మొదలైన కథ దాదాపు లేదు. మొదటి ముక్క దొరికాక రెండోది వచ్చి అతుక్కునేదాకా కథ మొదలు కాలేదు.

మన పాత నాట్యశాస్త్రంలో దీనికి దగ్గరగా రెండు మాటలున్నాయి. ఇతివృత్తం నడవడానికి కావలసిన అయిదు అర్థప్రకృతుల్లో మొదటిది బీజం. విత్తనంలా చిన్నగా పడి, తర్వాత ఎన్నో తీరుల విస్తరించేది. రెండోది బిందువు. తెగిపోయిన కథను మళ్లీ అందుకుని ముందుకు నడిపించేది. నీటి మీద పడ్డ నూనెబొట్టు ఎలా పరుచుకుంటుందో బిందువు అలా పరుచుకుంటుందని పదో శతాబ్దం నాటి ‘దశరూపకం’ వ్యాఖ్యాత పోలిక చెప్పాడు. ఆ మాటలు నాటకం లోపలి నడక గురించి చెప్పినవి. వాటిని కాస్త సాగదీసి రచయిత మనసులో జరిగేదానికి కూడా వాడుకోవచ్చు. కథాబీజం అనే మాట తెలుగు విమర్శలో బాగా నలిగింది. బిందువును మాత్రం మర్చిపోయాం.

టాల్‌స్టాయ్ దగ్గర ఈ రెండూ విడివిడిగా, తేదీలతో సహా కనిపిస్తాయి. 1896 జూలైలో దున్నిన నల్లరేగడి పొలం మీదుగా ఆయన నడిచి వస్తున్నారు. కనుచూపు మేరలో పచ్చటి ఆకు లేదు. దారి పక్కన ఒక్క ముళ్లమొక్క మాత్రం మిగిలింది. రష్యన్లు దాన్ని తాతార్ మొక్క అంటారు. మూడు కొమ్మలు. ఒకటి విరిగిపోయింది. దుమ్ము కొట్టుకుని నల్లబడినా, బండి కింద పడి నలిగినా, ఇంకా ప్రాణంతో నిలబడి ఉంది. నడుమ ఎరుపు కనిపిస్తోంది. దాన్ని చూడగానే ఆయనకు హాజీ మురాద్ గుర్తుకొచ్చాడు. ఆ సంగతి డైరీలో రాసుకున్నారు. రాయాలనిపిస్తోందని కూడా అక్కడే రాసుకున్నారు.

ఎవరీ హాజీ మురాద్? కాకసస్ కొండల్లో రష్యన్ సైన్యంతో పోరాడి, తన నాయకుడితో చెడి రష్యన్ల పక్షానికి వచ్చి, మళ్లీ తప్పించుకోబోయి 1852లో చనిపోయిన వీరుడు. అప్పుడు టాల్‌స్టాయ్ ఇరవై మూడేళ్ల యువకుడు, అదే కాకసస్‌లో ఉన్నారు. అంటే బీజం 1852 నాటిది. బిందువు పడింది నలభై నాలుగేళ్ల తర్వాత. ఆ మొక్క కనిపించకపోతే ఈ నవల వచ్చేదా అన్నదానికి జవాబు లేదు. మొక్కను చూసిన రైతులు ఆ దారిన ఎంతమందో వెళ్లి ఉంటారు. హాజీ మురాద్ కథ తెలిసిన సైనికాధికారులు కూడా చాలామందే ఉంటారు. రెండూ ఒకే మనిషిలో కలిశాయి. నవల రాయడం 1904 దాకా సాగింది. రచయిత పోయాక గానీ అచ్చు కాలేదు.

‘అన్నా కరేనినా’ది కూడా ఇదే వరస. 1872 జనవరిలో టాల్‌స్టాయ్ ఉండే యాస్నయా పొల్యానాకు దగ్గరి రైల్వే స్టేషన్లో అన్నా పిరగోవా అనే ఆవిడ రైలు కింద పడి చనిపోయింది. పొరుగు జమీందారు ఇంట్లో ఉంటూ, అతను తనను వదిలి ఇంకొకరిని పెళ్లాడబోతున్నాడని తెలిసి చేసుకున్న ఆత్మహత్య అది. టాల్‌స్టాయ్ వెళ్లి ఆ శవాన్ని చూశారు. ఆ తర్వాత ఏడాదికి పైగా దాని గురించి ఒక్క వాక్యం రాయలేదు. 1873 మార్చిలో ఇంట్లో పడి ఉన్న పుష్కిన్ పుస్తకం ఒకటి తిరగేస్తుంటే అసంపూర్తి రచన కనబడింది. ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, అతిథులు ఇంటికి రావడంతో మొదలయ్యే ముక్క అది. కథలోకి ఇలా నేరుగా అడుగు పెట్టొచ్చని దాన్ని చూశాక ఆయనకు తోచింది. వెంటనే రాయడానికి కూర్చున్నారు. శవాన్ని చూడటం వల్ల విషయం దొరికింది, పుష్కిన్ వల్ల దారి దొరికింది.

గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ తన కథలన్నీ ఏదో ఒక దృశ్యంతో మొదలయ్యాయని చెప్పేవారు. మండుటెండలో, నిర్మానుష్యమైన ఊళ్లో, నల్లబట్టలు వేసుకుని నల్లగొడుగు పట్టుకుని నడిచిపోతున్న ఒక స్త్రీ, ఆమె వెంట చిన్నపిల్ల. ఆ దృశ్యం నుంచి ‘మంగళవారం మధ్యాహ్నపు కునుకు’ వచ్చింది. బరాంకియా చేపల మార్కెట్ దగ్గర పడవ కోసం మౌనంగా, ఆదుర్దాగా ఎదురుచూస్తున్న మనిషి నుంచి ‘కల్నల్‌కు ఎవరూ ఉత్తరం రాయరు’ వచ్చింది. చిన్నతనంలో అరకటకలో తాతయ్య ఆయన్ని అరటి కంపెనీ దుకాణానికి తీసుకెళ్లి, పెట్టె తెరిపించి, గడ్డకట్టిన చేపల మీద చెయ్యి పెట్టించాడు. మంచు అంటే ఏమిటో ఆ పిల్లాడికి అలా తెలిసింది. ‘వందేళ్ల ఏకాంతం’ మొదటి వాక్యంలో ఆ మంచే ఉంది.

ఆ మంచు ఆయన దగ్గర మొదటినుంచీ ఉన్నదే. ఇరవయ్యేళ్లు కూడా నిండక ముందే ‘ఇల్లు’ అనే పేరుతో తన కుటుంబం మీద నవల మొదలుపెట్టి, నడవక వదిలేశారు. 1965లో మెక్సికో సిటీ నుంచి భార్యాపిల్లలతో ఆకాపుల్కోకు కారులో వెళుతుండగా, ఆ కథను ఏ గొంతుతో చెప్పాలో తట్టింది. అమ్మమ్మ దయ్యాల కథలూ అద్భుతాలూ చెప్పేటప్పుడు ముఖంలో ఏ మార్పూ లేకుండా, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పేది. ఆ గొంతు కావాలి. తిరిగొచ్చి పద్దెనిమిది నెలలు రాశారు. 1967లో పుస్తకం వచ్చింది. కథ ఎలా తట్టిందని అడిగేవాళ్లు మంచు గురించే అడుగుతారు. అసలు ఆలస్యమంతా గొంతు దగ్గర జరిగింది.

విలియం ఫాక్నర్‌కు మొదట కనబడింది చెట్టెక్కిన ఒక చిన్నపిల్ల. ఆమె లోపలి లాగు వెనక అంతా బురద. లోపల అవ్వ శవం ఉన్న గదిలో ఏం జరుగుతోందో కొమ్మ మీంచి కిటికీలోకి చూసి, కింద నిలబడ్డ అన్నదమ్ములకు చెబుతోంది. అంతే. చిన్నకథ అయిపోతుందనుకున్నారు. ఆ బురద ఎలా అంటింది, కింద ఉన్నవాళ్లెవరు, వాళ్లకు ఆ పిల్ల ఏమవుతుంది అని వెంటపడితే అది ‘ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ’ అనే నవల అయింది. 1929లో వచ్చిన ఆ నవలలో ఒకే కుటుంబం కథను ముందు బుద్ధిమాంద్యం ఉన్న తమ్ముడు చెబుతాడు, తర్వాత మరో ఇద్దరు సోదరులు, చివరికి రచయిత. అప్పటికీ ఫాక్నర్‌కు తృప్తి లేదు. పదిహేనేళ్ల తర్వాత అనుబంధం రాసి జోడించారు. దృశ్యంతో పుట్టిన కథలకు ఉన్న బలమూ ఇబ్బందీ రెండూ ఇక్కడ కనిపిస్తాయి. దృశ్యం రచయితను వదలదు. కానీ తన అర్థమేమిటో తనంతట తాను చెప్పదు.

విన్న మాట సంగతి వేరు. అది అర్థంతో సహా వస్తుంది, అదే దానితో ప్రమాదం. హెన్రీ జేమ్స్‌కు ఇది తెలిసినంత బాగా ఎవరికీ తెలియదేమో. 1893 క్రిస్మస్ రోజుల్లో లండన్‌లో ఒక విందులో పక్కన కూర్చున్న ఆవిడ మాటల సందర్భంలో ఒక గొడవ గురించి చెప్పింది. భర్త చనిపోయిన తల్లి, ఆస్తికి వారసుడైన కొడుకు. ఇంటినిండా ఉన్న విలువైన పాత సామాను ఎవరిదన్న దగ్గర ఇద్దరికీ పేచీ. పది ముక్కలు వినేసరికి జేమ్స్‌కు కథ కనబడిపోయింది. ఆవిడ ఆపలేదు, చివరికి ఏమైందో కూడా చెప్పసాగింది. జేమ్స్‌కు ఆ మిగతాది వినడమే బాధైంది. నిజజీవితం మంచి విత్తనాన్ని ఇచ్చి, ఆ వెంటనే దాన్ని పాడు చేయడం మొదలుపెడుతుందని ఆయన తర్వాత తన ముందుమాటల్లో వివరించారు. ఆ పది ముక్కల నుంచి ‘ది స్పాయిల్స్ ఆఫ్ పాయింటన్’ వచ్చింది.

కొత్తగా రాసేవాళ్లకు దీనికన్నా పనికొచ్చే అనుభవం ఇంకొకటి లేదు. ‘నిజంగా జరిగిందండీ’ అని ఒకరు చెప్పిన సంఘటనను మొదలూ తుదీ సహా కాగితం మీద పెడితే, చదివేవాళ్లకు అది ఎందుకు నమ్మశక్యంగా ఉండదో రాసినవాళ్లకు అర్థం కాదు. విన్నప్పుడే అది పూర్తయిపోయింది. రచయిత తనదంటూ కలపడానికి అందులో చోటు మిగల్లేదు.

టాగోర్‌కు అలాంటి చోటు తనంతట దొరికింది. తూర్పు బెంగాల్‌లో షాజాద్‌పూర్ ఎస్టేటు భవనంలో కింది అంతస్తులోనే పోస్టాఫీసు ఉండేది. పోస్టుమాస్టరు సాయంకాలాలు పైకి వచ్చి కబుర్లు చెప్పేవాడు. 1891లో వచ్చిన ‘పోస్టుమాస్టర్’ కథలో నగరం నుంచి పల్లెకు వచ్చి దిక్కుతోచక ఉండే మనిషి అతనే. కానీ కథను ఇన్నేళ్లు నిలబెట్టింది అతని దగ్గర పని చేసే రతన్ అనే అనాథ పిల్ల. పోస్టుమాస్టరు కబుర్లు మాత్రమే రాసి ఉంటే అదొక చక్కటి స్కెచ్ అయి ఆగిపోయేది.

పత్రికల్లో పడ్డ వార్త నుంచి పుట్టిన నవలలు చాలానే ఉన్నాయి. 1869లో మాస్కోలో ఒక విద్యార్థిని అతని సహచరులే చంపిన కేసు దోస్తయేవ్‌స్కీకి ‘భూతాలు’ నవల ఇచ్చింది. వీటన్నిట్లో ఎక్కువసేపు నిలిచి చూడాల్సింది టోనీ మారిసన్ ‘బిలవెడ్’. ప్రచురణ సంస్థలో ఎడిటరుగా పనిచేస్తున్నప్పుడు ఆమె నల్లజాతి ప్రజల చరిత్రకు సంబంధించిన కాగితాలూ బొమ్మలూ కలిపి ‘ది బ్లాక్ బుక్’ అనే సంకలనం తెచ్చారు. 1974లో. అందులో 1856 నాటి పత్రికా ముక్క ఒకటుంది. కెంటకీ నుంచి గడ్డకట్టిన ఒహాయో నది దాటి సిన్సినాటికి పారిపోయి వచ్చిన మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ, యజమాని మనుషులు చుట్టుముట్టేసరికి, మళ్లీ బానిసత్వానికి అప్పగించడం ఇష్టంలేక కన్నకూతురిని చంపేసింది. జైల్లో ఆమెను చూసివచ్చిన మతబోధకుడు రాసిన కథనం అది. ఆమె పిచ్చిదానిలా లేదని, ప్రశాంతంగా ఉందని అతను రాశాడు.

మారిసన్ ఆ ముక్కను దాచుకుని, మార్గరెట్ గార్నర్ జీవితం గురించి మరీ తవ్వి తీయకుండా కావాలనే ఆగారు. తెలిసిన కొద్దీ ఊహకు చోటు తగ్గుతుందని ఆమెకు తెలుసు. తర్వాత ఉద్యోగం మానేసి, హడ్సన్ నది ఒడ్డున ఇంటి ముందు కూర్చున్న రోజుల్లో, స్వేచ్ఛ అంటే ఒక స్త్రీకి ఏమిటనే ప్రశ్న ఆమెను పట్టుకుంది. అదే చోట, నీళ్లలోంచి నడిచివచ్చే స్త్రీ ఒకతె ఆమె ఊహలో కనబడింది. తలమీద మంచి టోపీ. చనిపోయిన బిడ్డ తిరిగి రావడం అనే కథ అక్కడ మొదలైంది. 1987లో నవల వచ్చింది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. వార్త వందేళ్లకు పైగా పాత కాగితాల్లో అలాగే ఉంది. ఆ ప్రశ్నతో దాన్ని అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు.

తెలుగు కథకుల దగ్గర బీజం ఎక్కువసార్లు బతుకుదెరువు దగ్గరే దొరికింది. రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) విశాఖపట్నంలో ప్లీడరు. మద్రాసు రాష్ట్రం నాటి నుంచి అమల్లో ఉన్న మద్యనిషేధ చట్టం కింద పట్టుబడ్డ బీదవాళ్ల కేసులు కోర్టుల నిండా ఉండేవి. వాటిలోంచే ‘ఆరు సారా కథలు’ వచ్చాయి. ఆ కేసులు విశాఖలో ప్రతి ప్లీడరుకీ తెలుసు. ఫీజు ఎంత, మామూలు ఎంత, సాక్షి ఏం చెబుతాడు అన్నీ తెలుసు. కానీ ‘మాయ’ కథలో జరిగేది చూడండి. సారా కేసులో పట్టుబడ్డ ముత్యాలమ్మ, ఇంకా లోకం తెలియని జూనియర్ ప్లీడరు మూర్తికి ఈ యంత్రాంగమంతా ఎలా తిరుగుతుందో తన భాషలో విప్పి చెబుతుంది. ప్లీడరు క్లయింటుకు చట్టం చెప్పడం లోకరీతి. ఇక్కడ చెప్పేదీ వినేదీ తారుమారయ్యారు. ఆ తారుమారు దగ్గరే శాస్త్రి గారి కథ ఉంది, కేసు కట్టలో కాదు.

జైలు కూడా తెలుగు కథకు బడి అయింది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని జైల్లో రాశారు. 1922లో అచ్చైతే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. వట్టికోట ఆళ్వారుస్వామి తాను జైల్లో చూసిన మామూలు ఖైదీల బతుకులతో ‘జైలు లోపల’ కథలు రాశారు. రాజకీయ ఖైదీకి తన త్యాగం గురించి రాసుకోవడం సులువు. పక్క గదిలో దొంగతనం మీద వచ్చినవాడి వైపు చూపు తిప్పడం వల్ల ఆ కథలు పుట్టాయి.

ఇక్కడ కేశవరెడ్డి ఉదాహరణ కొంచెం వింతగా ఉంటుంది. ఆయన డాక్టరు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రిలో దశాబ్దాల పాటు పనిచేశారు. కానీ ఆయన నవలలు చాలావాటిలో కనిపించేది పుట్టిపెరిగిన చిత్తూరు జిల్లా పల్లెలు. ‘అతడు అడవిని జయించాడు’లో ఈనబోయే పందిని వెతుక్కుంటూ రాత్రి అడవిలోకి వెళ్లే ముసలివాడు ఉన్నది ఆ నేల మీదే. పని చేసే చోటు కాక, వదిలి వచ్చిన చోటు కథను పుట్టించింది. ఎదురుగా ఉన్నప్పుడు ఊరు ఊరే. వందల మైళ్ల దూరం వెళ్లాక ఏ చెట్టు, ఏ మాట, ఏ మనిషి మిగిలారో వాళ్లే కథకు కావలసినవాళ్లు. వంశీ ‘మా పసలపూడి కథలు’లో గోదావరి డెల్టా కూడా ఊరు వదిలి సినిమాల్లో స్థిరపడ్డ మనిషి జ్ఞాపకంలోంచి వచ్చిందే.

బాల్యం గురించి ఇంకో సంగతి చెప్పుకోవాలి. చాలాకాలం తెలుగులో ఏది కథకు పనికొస్తుంది, ఏది పనికిరాదు అనే హద్దు చెప్పకుండానే ఉండేది. చాసో ఆ హద్దును ముందే జరిపినవారిలో ఒకరు. డబ్బు లేక బడి మానిపించిన కుర్రాణ్ణి తండ్రి చుట్టలు కొనుక్కురమ్మని పంపుతాడు. దారిలో బడి. ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ కథకు అంతకన్నా పెద్ద సంఘటన అక్కర్లేకపోయింది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు మిట్టూరు ఇంటి సంగతుల్ని, అమ్మ తిట్లతో, ఆకలితో, ఆ యాసతో సహా రాసినప్పుడు ఎందరో పాఠకులకు తమ ఇల్లు కూడా కథే అని తెలిసింది. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ కావలి ముస్లిం వాడలోని బాల్యాన్ని అలాగే పట్టుకొచ్చాయి. జాజుల గౌరి ‘మన్నుబువ్వ’, గోగు శ్యామల కథలు తెలంగాణ దళిత వాడల్లోంచి వచ్చాయి. కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’లో కథంతా ఒక బావి చుట్టూ తిరుగుతుంది. ఆ బావి దగ్గర నిలబడే హక్కు ఎవరికుంది, ఎవరికి లేదు అన్నది తెలియని మనిషి తెలుగు పల్లెలో ఉండడు. ఇన్నాళ్లూ ఎవరూ చూడక కాదు. చూసినవాళ్ల చేతికి కలం రాక. కథకు బీజం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న, కలం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నతో కలిసే ఉంటుంది.

పాత కథల్లోని ఖాళీలు మరో వనరు. రామాయణంలో శూర్పణఖ ముక్కుచెవులు కోయించుకుని వెళ్లాక ఏమైంది? పద్నాలుగేళ్లు ఊర్మిళ ఏం ఆలోచించింది? ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత వరసగా శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఈ స్త్రీల పేర్లు తెలియని తెలుగువాళ్లు లేరు. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే అన్న ఆలోచన మాత్రం స్త్రీవాద ఉద్యమంలో ఏళ్ల తరబడి పనిచేసిన రచయిత్రి దగ్గర నుంచి రావలసి వచ్చింది.

బయటినుంచి వచ్చే ప్రేరణల్ని తీసిపారేయనక్కర్లేదు. 1881లో స్కాట్లండ్‌లో వర్షం వల్ల ఇంట్లో చిక్కుకుపోయినప్పుడు స్టీవెన్సన్ సవతి కొడుకుతో కలిసి రంగులతో ఒక దీవి పటం గీశాడు. ఆ పటంలోంచే ‘ట్రెజర్ ఐలాండ్’ పాత్రలు నడిచి వచ్చాయి. అచ్చుకు పంపితే ఆ పటం దారిలో పోయింది. అప్పుడు పుస్తకాన్ని ముందు పెట్టుకుని, దానికి సరిపోయేలా పటం మళ్లీ గీయాల్సి వచ్చింది. ఆర్.కె. నారాయణ్‌కు విజయదశమి కలిసొచ్చింది. 1930లో బెంగుళూరులో అమ్మమ్మ చెప్పిన ఆ మంచి రోజున నోటుబుక్కు కొనుక్కుని కూర్చుంటే, చిన్న రైల్వే స్టేషనుతో సహా మాల్గుడి అనే ఊరు కళ్లముందుకొచ్చింది. అయిదేళ్లకు ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ వెలువడింది. మన దగ్గర పోటీలు ఈ పని చేశాయి. విశ్వనాథ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ రెండూ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీకి వెళ్లి బహుమతి పంచుకున్నవే. విశ్వనాథ చెబుతుంటే తమ్ముడు రాసుకున్నారని ప్రసిద్ధి. గడువు తేదీ కథను పుట్టించదు, లోపల పోగై ఉన్నదాన్ని బయటకు తోస్తుంది.

చెహోవ్ గురించి కొరొలెంకో రాసిన జ్ఞాపకం చాలామందికి తెలుసు. కథలు ఎలా రాస్తానో చూస్తారా అని చెహోవ్ బల్లమీద చేతికందిన వస్తువును తీసి ముందు పెట్టాడు. బూడిద పళ్లెం. కావాలంటే రేపటికి దీనిమీద కథ ఉంటుందన్నాడు. దీన్ని పట్టుకుని ఏ వస్తువు మీదైనా కథ రాయొచ్చని శిక్షణ శిబిరాల్లో అభ్యాసాలు చేయిస్తుంటారు. చేయి తిరగడానికి అవి మంచివే. అయితే ఆ మాట అన్న మనిషి అప్పటికే వందల కథలు రాసినవాడు, డాక్టరుగా పేదల గుడిసెలు తిరిగినవాడు. ఆ పళ్లెం దగ్గరకు రావడానికి ఎన్నో జీవితాలు ఆయన దగ్గర వరసలో నిలబడి ఉన్నాయి.

వీటన్నిటి మధ్య పనికిరాని మొదలు ఒకటి ఉంది. దాన్ని గట్టిగానే చెప్పాలి. సందేశం. వరకట్నం తప్పు, వృద్ధాశ్రమాలు పెరిగిపోతున్నాయి, సెల్‌ఫోన్ పిల్లల్ని పాడుచేస్తోంది అని తీర్మానించుకుని, దానికి తగిన మనుషుల్ని తయారు చేస్తే, వాళ్లు మొదటి పేరా నుంచే రచయిత చెప్పమన్నదే చెబుతారు. తెలుగు వారపత్రికల్లో దశాబ్దాలుగా ఇలాంటివి కుప్పలుగా వచ్చాయి, గుర్తున్నవి ఎన్నో లెక్కపెట్టండి. గురజాడకూ రావిశాస్త్రికీ సందేశం లేదా అంటే ఉంది, చాలా బలంగా ఉంది. వాళ్ల దగ్గర అది మనిషికి తగిలి వంకర తిరిగింది. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ చూడండి. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి పొందిన కథ అది. నియమాల ప్రకారం బతికే రావుగారు, తుఫాను రాత్రి, రైల్వే స్టేషను, ఒక బిచ్చగత్తె. రావుగారి సిద్ధాంతాలు తప్పని కథ ఎక్కడా వాదించదు. ఆయన్ని ఆ చలిలో ఆ మనిషి పక్కన ఉంచుతుంది, అంతే.

కథ పుట్టిన చోటూ, కథలోకి పాఠకుడు అడుగుపెట్టే చోటూ ఒకటి కావన్నది కూడా చాలామంది కొత్తవాళ్లు ఆలస్యంగా తెలుసుకుంటారు. 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన ‘దిద్దుబాటు’ విషయం సానివాడకు అలవాటు పడ్డ భర్తను భార్య మార్చుకోవడం. పెళ్లితో మొదలుపెట్టి, అలవాటు ఎలా అయిందో చెప్పి, భార్య బాధపడటం చూపించి, ఆఖరికి ఉపాయం దగ్గరకు రావచ్చు. గురజాడ రాత్రి ఒంటిగంటకు భర్త ఇంటి తలుపు దగ్గర కథ మొదలుపెట్టారు. లోపల భార్య లేదు, ఉత్తరం ఉంది. అంతకు ముందు జరిగినదంతా ఆ ఉత్తరంలోంచి, నౌకరు రాముడితో మాటల్లోంచి తెలిసిపోతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఆగిపోయిన కథను సరిచేయడానికి చాలాసార్లు మొదటి రెండు పేజీలు చింపేస్తే చాలు.

కొన్నిసార్లు రచయిత కావాలని ఆగుతాడు. మార్క్వెజ్ ఎరిగిన యువకుణ్ణి 1951లో సూక్రే అనే ఊళ్లో చంపేశారు. అప్పుడే రాయాలనుకున్నారు. చనిపోయినవాడి తల్లి బతికుండగా రాయొద్దని తన తల్లి కోరింది. ‘ముందే చెప్పిన చావు కథ’ 1981లో వచ్చింది. ముప్పై ఏళ్లు. ఆ ఆలస్యం వల్ల నవల నష్టపోలేదు. హత్య ఎలా జరిగిందన్నది వదిలి, ఊరంతా తెలిసీ ఎందుకు ఆపలేదన్న ప్రశ్న దాని మధ్యలోకి వచ్చింది. నిజమైన మనుషుల కష్టాన్ని ముడిసరుకు చేసుకునేవాళ్లు ఈ సంయమనాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

ఇన్ని సంగతులు తెలియడానికి కారణం ఆ రచయితలు రాసిపెట్టుకోవడమే. జేమ్స్ నోటుపుస్తకాలున్నాయి, టాల్‌స్టాయ్ డైరీలున్నాయి, మారిసన్ ముందుమాట ఉంది. తెలుగులో కాళీపట్నం రామారావు మాస్టారు ‘కథాకథనం’ రాశారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి అచ్చయిన ప్రతి తెలుగు కథనూ చేర్చాలని పూనుకున్నారు. శ్రీపాద, బుచ్చిబాబు ఆత్మకథలు మిగిల్చారు. కథ వెనక కథ చెప్పించిన సంకలనాలు ఒకటీ అరా వచ్చాయి. వచ్చిన కథల లెక్కతో పోలిస్తే ఇవి చాలా తక్కువ. కథ అచ్చువేసే పత్రికలు, ఏటా సంకలనాలు తెచ్చేవాళ్లు రచయితను ఒక అరపేజీ అదనంగా అడగాలి. మొదట తట్టింది ఏమిటి, ఎన్నాళ్లు ఆగారు, రెండో ముక్క ఎక్కడ దొరికింది. ఎనభై దాటిన కథకులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఈ మూడు ప్రశ్నలూ వాళ్ల దగ్గర కూర్చుని అడగండి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.